గరుకు

చాక్‌పీసుల్ని బ్లేడుతో గీకుతున్నాడు పుట్టీ. ఒకటి తెల్లది, ఒకటి పసుపుది, ఇంకొకటి ఇటుకరంగుది. మూడు పొడుల్నీ పాత సీసామూతలో కలిపి, వేలితో రుద్ది, వెలుతురుకేసి పట్టి చూసి పెదవి విరిచాడు. దుమ్ములా కనబడే ఇసకరంగు రాలేదు. ఇంకాస్త పసుపు గీకాడు. ఈసారి మరీ పసుపెక్కింది. ఛీ అనుకుని పొడినంతా కిటికీలోంచి బయటికి దులిపేశాడు. తొమ్మిది రోజులుగా పొద్దున్నే ఇదే తంతు. డ్యూటీకి ఇంకా నలభై నిమిషాలుంది, బల్లకింద కాలు మాత్రం అప్పుడే ఊగడం మొదలుపెట్టింది.

బల్లమీద ప్లాస్టిక్ యుద్ధట్యాంకు ఉంది. జానెడు పొడుగు, బెత్తెడు వెడల్పు. పెట్టెలో మూడొందల ముక్కలుగా వచ్చినదాన్ని నెలరోజులు కూర్చుని అతికించాడు. ఒళ్లంతా బూడిద కలిసిన ఆకుపచ్చ. బోల్టుల చుట్టూ, మూతల సందుల్లో థిన్నర్‌లో పలచన చేసిన ముదురు గోధుమరంగు పారించి, పైపైన గుడ్డతో తుడిచి మురికి నిలబెట్టాడు. అంచుల్లో రంగు లేచిపోయినట్టు కనబడాలని గిన్నెలు తోమే స్పాంజి ముక్కతో చుక్కలద్దాడు. చక్రాల చుట్టూ తిరిగే గొలుసుపట్టాలకి పెన్సిల్ ముల్లు రుద్ది ఇనుము మెరుపు తెచ్చాడు. డీజిలు పోసే మూత దగ్గర నూనె కారిన చార కూడా ఉంది. ఎవరు చూసినా ముక్కుమీద వేలేసుకోవాల్సిందే. చూడాల్సిన ఒక్క మనిషి మాత్రం కాదన్నాడు. అదీ ఒకసారి కాదు, మూడుసార్లు.

"ఆ బండినే కట్టుకోవాల్సింది మీరు. ఇద్దరికీ బాగా కుదిరేది," అంది భార్య, టీ గ్లాసు పెట్టడానికి బల్లమీద జాగా వెతుక్కుంటూ.

"ఇదైతే ఎదురు మాట్లాడేది కాదు."

"మాట్లాడకుండానే మీ నిద్ర చెడగొట్టిందిగా. టీ తాగండి. మొన్నట్లా అందులో బ్రష్షు ముంచకండి."

నిజానికి మొన్న బ్రష్షు ముంచడమే కాదు, ఆ టీ తాగేశాడు కూడా. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.

అతను బస్సు డిపోలో బాడీషాపు పనివాడు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. సొట్టపడ్డ బస్సు వస్తే రేకు సాగ్గొట్టేవాళ్లు సాగ్గొడతారు, రంగు వేసేవాళ్లు వేస్తారు. ఆ రెంటికీ మధ్య పుట్టీ పట్టి, ఎమరీ కాగితంతో రుద్ది, మళ్లీ పట్టి, మళ్లీ రుద్ది, అసలిక్కడ సొట్టే లేదన్నట్టు చేసేది ఇతను. ముప్ఫైనాలుగేళ్లుగా అదే పని, అందుకే అందరికీ అతను పుట్టీ. ఆ పనిలో ఓ చిక్కుంది. బాగా చేస్తే ఎవరికీ కనబడదు. బాగా చెయ్యకపోతేనే కనబడుతుంది. కాబట్టి ఇన్నేళ్లలో అతని పని చూసి బాగుందన్నవాడు లేడు. పాపం, అనడానికి అక్కడ ఏమైనా కనబడితేగా!

కాదన్న మనిషి బావ, అంటే అక్క మొగుడు. పుట్టీకి పద్నాలుగేళ్లప్పుడు బావ ఆ ఇంటి అల్లుడయ్యాడు. అంతకుముందు నాలుగేళ్లు సైన్యంలో ట్యాంకు నడిపాడు. తర్వాత ముప్ఫై ఏళ్లు ఇదే డిపోలో బస్సు నడిపాడు. తండ్రి లేని బావమరిదిని చెయ్యి పట్టుకుని బాడీషాపులో దిగబెట్టి, "వీడికి నోరు లేదు, చెయ్యుంది," అని అప్పటి మేస్త్రీకి అప్పగించినవాడు బావే. యుద్ధం కబుర్లు చెప్పమని ఎవరైనా అడిగితే, "నేను యుద్ధం ఎక్కడ చేశాన్రా, ఎండలో బండి కడిగాను," అని నవ్వేసేవాడు.

ఇప్పుడు ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఆస్పత్రివాళ్లు ఇంటికి తీసుకెళ్లమన్నారు. వచ్చినవాళ్లంతా ఏం తినాలనుంది, ఎవర్ని చూడాలనుంది అని అడుగుతుంటే విసుగొచ్చి, "నా బండి ఒక్కసారి చూస్తే బాగుణ్ణు," అన్నాడు బావ. అందరూ జోకనుకుని నవ్వారు. పుట్టీ నవ్వలేదు. మర్నాడే పెట్టె కొనుక్కొచ్చాడు. తనని మనిషిని చేసినవాడికి ఇన్నేళ్లలో ఇచ్చిందంటూ ఏమీ లేదు. ఈ ఒక్కటైనా ఇవ్వాలి. బావ నోటితో ఇదేరా అనిపించుకోవాలి. అదీ ఆ నోట్లో మాట ఉండగానే.

మొదటిసారి నిగనిగలాడించి తీసుకెళితే, "పెళ్లికొడుకులా ఉందిరా," అన్నాడు. ఇంటికొచ్చి ఒళ్లంతా తుప్పు పట్టించాడు. జీవితమంతా తుప్పుతో కుస్తీ పట్టినవాడు కూర్చుని సన్న బ్రష్షుతో తుప్పు పుట్టిస్తుంటే భార్య పడీపడీ నవ్వింది. రెండోసారి బావ, "ఇది పాత ఇనప కొట్టులోది. మేం రోజూ తుడిచేవాళ్లం. బండి మీద ఉండేది దుమ్మూ నూనే, తుప్పు కాదు," అన్నాడు. తుప్పంతా తీసేసి దుమ్మూ నూనే పెట్టాడు. మూడోసారి బావ చెయ్యి చాపాడు. కళ్లు మూసుకునే, పైన ఫిరంగి బిగించి ఉండే గుండ్రటి తలమీద బొటనవేలు అటూ ఇటూ నడిపాడు. "ఇది కాదురా," అన్నాడు. ఎందుకు కాదో చెప్పేలోగా దగ్గు ముంచుకొచ్చింది. అప్పట్నుంచీ పుట్టీ రంగులు మార్చి మార్చి చస్తున్నాడు.

డిపోలో ఆరోజు అతని వాటాకి స్తంభాన్ని గుద్దుకొచ్చిన బస్సొకటి వచ్చింది. వెనక మూల మూడడుగుల మేర ముందురోజు పట్టిన పుట్టీ ఆరి ఉంది. పీట వేసుకుని రుద్దడం మొదలుపెట్టాడు. చెయ్యి పనిలో ఉంది, మనసు లేదు. ఇసక మరీ తెల్లదా? ఆకుపచ్చ మరీ ముదురా? మధ్యలో రెండుసార్లు లేచి నీళ్లు తాగొచ్చాడు. మూడోసారి దాహం లేకుండానే లేచాడు. పక్క బస్సుకి రంగు కొడుతున్న పెయింటరు, "ఏం అన్నా, పీటమీద ముళ్లున్నాయా?" అన్నాడు.

రుద్దడం అయ్యాక పలచటి గుడ్డ అరచేతికింద వేసుకుని, కళ్లు మూసుకుని రేకంతా తడిమాడు. ఆ పనివాళ్లందరూ చేసేదే అది. కంటికి నున్నగా కనబడినచోట కూడా చేతికి ఎత్తుపల్లాలు దొరుకుతాయి. కళ్లు తెరిచి ఉంటే చెయ్యి సరిగ్గా వినదు, అందుకని మూసుకోవాలి.

అలా తడుముతూ తడుముతూ ఉన్నచోటే ఆగిపోయాడు.

బావ కూడా కళ్లు మూసుకునే తడిమాడు! రంగు చూడలేదు. దేనికోసమో వెతికాడు, అది చేతికి తగల్లేదు.

పెట్టె విప్పిన రోజు గుర్తొచ్చింది. ముక్కలన్నీ నున్నగా ఉన్నాయి, ఒక్క తల ముక్క తప్ప. దానిమీద సన్నటి గరుకుంది, బొంబాయి రవ్వ చల్లినట్టు. ఎవడో అచ్చు సరిగ్గా పోయలేదనుకున్నాడు. రెండు సాయంత్రాలు కూర్చుని, పుట్టీ పట్టి, నీళ్లలో తడిపిన సన్న ఎమరీతో రుద్ది కోడిగుడ్డులా చేశాడు. చేసి మురిసిపోయాడు కూడా. గరుకు కనబడితే చెయ్యి ఊరుకోదు కదా. ఎప్పుడో బావ అన్న మాట ఇప్పుడు తలకెక్కింది. ఆ తలని ఇనుము కరిగించి పోస్తారట, ఇసక అచ్చులో. ఎక్కినప్పుడల్లా అరచెయ్యి దోక్కుపోయేదట. మనిషి అంత వివరంగా చెబితే, విన్నవాడు శ్రద్ధగా దాన్ని నున్నగా రుద్దిపెట్టాడు.

తన తలమీద తనే ఒక్కటి ఇచ్చుకోవాలనిపించింది. ఫోర్‌మన్ గదికి దాదాపు పరుగెత్తాడు.

"సార్, మధ్యాహ్నం నుంచి సెలవు కావాలి."

ఫోర్‌మన్ కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "నువ్వు సెలవడగడం నేనెప్పుడూ వినలేదయ్యా. ఏమైంది?"

"తల నున్నగా చేసేశాను సార్."

"ఎవరి తల?"

అప్పటికే పుట్టీ గేటు దాటుతున్నాడు.

ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా బల్లముందు కూర్చున్నాడు. తల ఊడదీసి, రంగు గీకి, పుట్టీని థిన్నర్‌తో మజ్జిగలా కలిపి, అరిగిపోయిన పళ్లబ్రష్షుతో పొడవడం మొదలుపెట్టాడు. పుట్టీతో గరుకు చెయ్యడం అతనికి పుట్టాక ఇదే మొదటిసారి. చెయ్యి ఒప్పుకోలేదు. రెండు పోట్లు పొడిచి మూడోది మెల్లగా సాపు చేసేది. తిట్టుకుని మళ్లీ పొడిచేవాడు. చివరికి కళ్లు మూసుకుని వేలితో తడుముతూ పొడిస్తే కుదిరింది.

ఇక ఆరాలి. ఆరడమనేది మనిషి ఆత్రం చూసి తొందరపడే వ్యవహారం కాదు. టేబుల్ ఫ్యాను పెట్టాడు. ఎండలో పెట్టాడు. ఎండలోంచి తీసి మళ్లీ ఫ్యానుముందు పెట్టాడు. గది ఈ మూలనుంచి ఆ మూలకి నడిచాడు. పైపైన ఆరిందనిపించగానే ఆకుపచ్చ వేశాడు. బ్రష్షు ఇంకా చేతిలో ఉండగానే అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడూ, పొద్దుట్నుంచీ మంచినీళ్లు కూడా తాగట్లేదురా. డాక్టరొచ్చి చూసి వెళ్లాడు. నువ్వు రా."

డాక్టరు ఏమన్నాడని అడగలేదు. అక్క గొంతే చెప్పింది. ఆకుపచ్చ గట్టిగా ఆరాలంటే తెల్లారాలి. దానిమీద దుమ్ము ఇంకా వెయ్యనేలేదు. పచ్చి రంగుతో పని గడప దాటించడం అతని ఇంటా వంటా లేదు. తలని బండిమీద బిగించి, అట్టపెట్టె మూతలో పెట్టి, రెండు చేతులా పట్టుకుని బయల్దేరాడు.

అక్కావాళ్లిల్లు రెండు వీధుల అవతల. దారిలో సైకిళ్లు, ఎదురొచ్చేవాళ్లు, ఊడ్చి పోస్తున్న చెత్త. దుమ్ము పడకుండా మోచెయ్యి అడ్డం పెట్టుకుని నడిచాడు. సగం దారిలో, దుమ్ముకోసమే కదా తొమ్మిది రోజులు తిప్పలు పడ్డాననుకుని మోచెయ్యి తీసేశాడు. అడుగులు మాత్రం వాటంతట అవే పరుగవుతున్నాయి.

బావ ఎత్తు దిళ్లకి ఆనుకుని ఉన్నాడు. కళ్లు సగమే తెరుచుకున్నాయి. దుప్పటిమీద చేతులు ఎవరో తెచ్చిపెట్టినట్టున్నాయి. ఒక్కో ఊపిరికీ ఛాతీ మొత్తం లేచి పడుతోంది.

"మళ్లీ తెచ్చావురా బామ్మర్దీ," అన్నాడు. మాట గాలిలా వచ్చింది.

పుట్టీ బండిని మంచంమీద, బావ చేతికి అందేలా పెట్టాడు. చెయ్యి కదిలింది.

"పచ్చి రంగు బావా, ముట్టుకోకు!" అనేశాడు. ముప్ఫైనాలుగేళ్లు రోజుకి పదిసార్లు అన్న మాట, ఆలోచించకుండానే నోట్లోంచి దూకింది. బావ చెయ్యి ఆగిపోయింది. పుట్టీ నాలిక్కరుచుకున్నాడు.

"లేదు లేదు. ముట్టుకో బావా. ముట్టుకో." తనే ఆ చెయ్యి పట్టుకుని తలమీద పెట్టాడు.

బొటనవేలు పక్కకి జరిగింది. ఆగింది. ఇంకొంచెం జరిగింది. బావ కళ్లు పూర్తిగా మూసుకుని, మొహం కాస్త పక్కకి తిప్పాడు, దూరంగా ఏదో వింటున్నవాడిలా.

"ఇక్కడ," అన్నాడు. "ఇక్కడ పట్టుకుని ఎక్కేవాణ్ణి."

"ఇదేనా బావా?"

"ఇదేరా. నా బండి." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "బాగా చేశావు."

పుట్టీకి ఏడుపొచ్చింది. దాచుకుందామని కూడా అనుకోలేదు. ఇన్నేళ్లూ ఈ ఒక్క మాటకోసం మొహం వాచి ఉన్నానని అతనికి ఇప్పుడే తెలిసింది.

"ఎండకి కాలేది," అన్నాడు బావ. "ఇదేంటి, చల్లగా ఉంది?"

"ఆరలేదు బావా."

"ఆరాక తేవాల్సింది. అన్నీ తొందరే నీకు."

అక్క తమ్ముడికి టీ పెట్టొస్తానని లోపలికెళ్లింది. పుట్టీ మంచంపక్క స్టూలుమీద కూర్చున్నాడు. పొద్దుట్నుంచీ మొదటిసారి అతని కాలు ఊగలేదు. బావ ఊపిరి ఒకటి వచ్చింది. చాలాసేపటికి ఇంకొకటి వచ్చింది. ఆ తర్వాతదాని కోసం పుట్టీ ఎదురుచూశాడు. లోపల గిన్నెలో టీ పొంగుతున్న చప్పుడు, స్టవ్ కట్టేసిన చప్పుడు వినిపించాయి.

అక్క గ్లాసుతో గుమ్మంలోకొచ్చింది. "నిద్రపట్టిందా?"

"అక్కా," అన్నాడు పుట్టీ. "గ్లాసు కింద పెట్టు."

ఆ సాయంత్రం ఇల్లంతా జనం. డిపో నుంచి డ్రైవర్లు వచ్చారు, ఫోర్‌మన్ వచ్చాడు. మంచం జరపడానికి అడ్డమని ట్యాంకుని ఎవరు తీశారో, ఎక్కడ పెట్టారో ఎవరూ గమనించలేదు. మర్నాడు అన్నీ అయిపోయాక, ఖాళీ గదిలో దుప్పటి మడతపెట్టబోయిన పుట్టీకి అది కిటికీగట్టు మీద కనబడింది. ఫిరంగి వీధివైపు తిరిగి ఉంది. రంగు గట్టిగా ఆరిపోయింది. తల కుడిపక్కన, గరుకుమీద, పచ్చిగా ఉన్నప్పుడు కాస్త పక్కకి జరిగిన ఆకుపచ్చలో బొటనవేలి ముద్ర ఉంది, గీతలతో సహా.