జానెడు పొట్టి తెర

తెర గాలి పీల్చుకుంది.

కాసేపు ఆపుకుంది… వదిలింది.

లేత చిగురు రంగు తెర. పెద్ద ఆసుపత్రిలో, మూడో అంతస్తులో, కాన్పు గది కిటికీకని కుట్టిన తెర. ఇప్పుడది అక్కడ లేదు. కుట్టినామె ఇంట్లో, వంటింటి గుమ్మానికి వేలాడుతోంది. కింద జానెడు ఖాళీ. ఆ ఖాళీలోంచి ఎండ వచ్చి ఆమె పాదాల మీద కూర్చుంటుంది.

పాదాలు ఆమెకు కనపడవు. ఎనిమిదో నెల.

తెర పొట్టిదెందుకయిందంటారా? అదో పెద్ద కథ.

తెరలు కుట్టడం ఆమె పని. మెడలో టేపు వేలాడుతుంది గానీ అది అలంకారానికే. అసలు కొలత ఆమె చెయ్యి. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా— జాన. సరిగ్గా తొమ్మిది అంగుళాలు. పదేళ్లలో వెంట్రుకవాసి తేడా రాలేదు. నాలుగో నెలలో ఆ గదికి వెళ్లి కిటికీ కొలిచింది. ఎనిమిది జానలు. ఏడో నెలలో బట్ట కత్తిరించింది.

ఎనిమిది జానలే.

కానీ ఈలోగా వేళ్లు ఉబ్బాయి. చెయ్యి పూర్తిగా సాగలేదు. ఆమె చూసుకోనేలేదు. జానకి అంగుళం చొప్పున బిడ్డ తినేసింది.

తెర వెనక్కి వచ్చింది. కొట్టు యజమాని నెత్తి కొట్టుకున్నాడు. తర్వాత ఆమె కడుపు వంక చూసి గొంతు తగ్గించాడు.

“సర్లే, నువ్వే ఉంచుకో. మిగతావైనా టేపు పెట్టి కొయ్యి తల్లీ.”

తెర ఇంటికొచ్చింది. ఆ గది కూడా ఆమె వెంటే వచ్చేసింది, కళ్లలో.

ఒకే మంచం. ఒకే కిటికీ. మంచం పక్కన— ఒక కుర్చీ.

కిటికీ కొలిచిన రోజున అడిగింది, ఈ కుర్చీ ఎవరికండీ అని. అక్కడి నర్సు నవ్వింది. “మీ ఆయనకే. చివరిదాకా మీ చెయ్యి పట్టుకుని కూర్చోవచ్చు.”

అంతే. ఆ కుర్చీ మీద మనసు పడింది.

ఆయన ఫ్యాన్లు బాగుచేస్తాడు. కాలిపోయిన మోటార్లకు కొత్తగా రాగి తీగ చుడతాడు. చేత్తో తిప్పే చిన్న వైండింగ్ మిషను ఉంది. భోజనమయ్యాక దాని ముందు కూర్చుని, పిడి తిప్పుతూ, పైకి లెక్కపెడతాడు. ఒకటి… రెండు… మూడు… ఒక్కో కాయిల్‌కి మూడు వందల చుట్లు. ఒకటి తగ్గకూడదు, ఒకటి పెరగకూడదు. ఆ పట్టింపు చూసి జనం నవ్వుకుంటారు, కానీ ఫ్యాను పాడైతే అతని దగ్గరికే తెస్తారు.

ఆమెకు నడుము లాగినా, ఏదో తెలియని భయం పట్టుకున్నా, ఆ లెక్క చెవిన పడితే చాలు. ఊపిరి దారిలో పడుతుంది. నూట యాభై దాటకముందే నిద్ర. పెళ్లయి నాలుగేళ్లు, మూడు వందలనే మాట ఆయన నోట ఎలా ఉంటుందో ఆమె ఒక్కసారీ వినలేదు.

నొప్పులప్పుడు ఆ లెక్క కావాలి.

ఇంకేం అక్కర్లేదు. అదేమన్నా గొంతెమ్మ కోరికా, మీరే చెప్పండి!

పెద్ద ఆసుపత్రి కౌంటర్లో కాగితం ఇచ్చారు. గదికింత. మందులకింత. కోత పడితే ఇంకింత. అన్నీ కలిపిన అంకె చూసి ఆమె కాగితం బోర్లా తిప్పేసింది. లోపల బిడ్డ కూడా ఒక్కసారి అటు తిరిగి పడుకుంది.

ఇంకోటి ధర్మాసుపత్రి. పైసా అక్కర్లేదు. పాత కట్టడం, మనిషెత్తు కిటికీలు, చెయ్యి తిరిగిన డాక్టరమ్మలు. ఉన్నమాట చెప్పుకోవాలి, అక్కడ కాన్పులు బాగానే చేస్తారు. కాకపోతే గదికి పన్నెండు మంచాలు. కిటికీలకు తెరల్లేవు. వెంట ఒక్క ఆడమనిషిని రానిస్తారు.

మగవాళ్లు గేటు దగ్గర ఆగాలి.

“నలుగుర్నీ అక్కడే కన్నాను,” అంది అత్తయ్య. “ఏ కిటికీ చూసి కన్నానే? నొప్పులొస్తే కళ్లు మూసుకుంటాం. కిటికీతో పనేంటి?”

“కిటికీ కాదత్తయ్యా… కుర్చీ.”

“కుర్చీయా!” అత్తయ్య బుగ్గ నొక్కుకుంది. “మీ మావయ్య నాలుగు కాన్పులకీ గేటు దగ్గర నిలబడి ఏం చేశాడో తెలుసా? వేరుశెనక్కాయలు తిన్నాడు. లోపల నేను అరుస్తుంటే బయట ఆయన ఒలుచుకుంటున్నాడు!”

తనే నవ్వింది. నవ్వీ నవ్వీ ఆగిపోయింది.

“మూడో కాన్పప్పుడు మాత్రం… పక్కనుంటే బాగుండుననిపించిందిలే.”

తర్వాత ఇద్దరూ చిక్కుళ్లు ఒలుచుకుంటూ కూర్చున్నారు. తెర కదిలింది, ఆగింది.

ఆ సాయంత్రం ఆయన తల ఎత్తకుండా అన్నాడు. “మిషను అమ్మేస్తా. కొనేవాడు దొరికాడు. ఆ గదికి సరిపోతుంది.”

“తర్వాత?”

“ఎవరి కొట్లోనైనా పనికి కుదురుకుంటా.”

ఆమె మిషను వంక చూసింది. పిడి అరిగి అరిగి అతని అరచేతి ఆకారానికి వచ్చింది. అది వేరే ఎవరి చేతిలోనో తిరుగుతున్నట్టు ఊహించుకుంది.

“వద్దు.”

“నిన్ను లోపలికి పంపి గేటు దగ్గర నిలబడమంటావా?”

“అవును.”

“నా వల్ల కాదు.”

“నా కోసం నిలబడండి.”

ఆయన మిషను మీద గుడ్డ కప్పేశాడు. ఆ పూట లెక్క మూగబోయింది. వద్దని అన్న నోటితోనే ఆమెకు ఆ గది కావాలి. ఆ కుర్చీ కావాలి. గుమ్మం దగ్గర నిలబడి, తెరలో మొహం పెట్టుకుని, చప్పుడు కాకుండా ఏడ్చింది.

తెల్లారాక తెర విప్పింది. నాలుగు మడతలు పెట్టింది. ఆసుపత్రికి సర్దుకున్న సంచిలో అన్నిటికన్నా పైన పెట్టింది.

నెలలు నిండాక, ఒక ఉదయం పొయ్యి మీద పాలు పొంగుతుండగా మొదలయ్యాయి నొప్పులు.

గేటు దాకా ముగ్గురు. గేటు దాటాక ఇద్దరు. ఆయన చెయ్యి వదల్లేదు, కాపలాదారు దగ్గాడు, అప్పుడు వదిలాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే మాట తప్పేదే.

కిటికీ పక్క మంచం దొరికింది. కిటికీ అవతల వరండా. వచ్చేపోయే జనం, వద్దన్నా లోపలికి పడే చూపులు. ఆమె సంచిలోంచి తెర తీసింది. అత్తయ్య స్టూలెక్కి, తాడు కట్టి, వేలాడదీసింది.

“ఇంటి నుంచి తెర తెచ్చుకున్నదాన్ని నిన్నే చూశాను!” పెద్ద నర్సమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

కింద జానెడు ఖాళీ. ఇక్కడా పొట్టిదే.

గాలి లేదు. తెర కదల్లేదు. నెత్తి మీద ఫ్యాను మూడు రెక్కలూ చాచుకుని చచ్చినట్టు వేలాడుతోంది. పన్నెండు మంచాల మీద పన్నెండు మంది చెమటలు కక్కుతున్నారు. నొప్పి వచ్చింది. ఆమె ఊపిరి బిగపట్టింది, ఇక వదలడం చేతకాలేదు. లోలోపల ఒకటి అనుకుంది, రెండు అనుకుంది… తన గొంతుతో లెక్క కుదరలేదు.

“వదులు, ఊపిరి వదులమ్మా,” అంది నర్సమ్మ, అట్టముక్కతో విసురుతూ. “ఈ ఫ్యానొకటి నా ప్రాణానికి! రాసి పంపి మూడు రోజులైంది. పట్టించుకునే నాథుడు లేడు.”

అత్తయ్య కళ్లు పెద్దవయ్యాయి.

“మావాడు చుట్టేది అవేనమ్మా! గేటు దగ్గరున్నాడు.”

“గేటు దగ్గర ఉత్తినే నిలబడ్డాడా? పిలు, పిలు!” నర్సమ్మ వేలు చూపించింది. “వరండా దాకానే సుమా. లోపలికి అడుగు పెట్టాడో, నా సంగతి తెలీదు.”

వార్డులో పనిచేసే మనిషి ఫ్యాను దించాడు. గేటు దగ్గర్నుంచి ఆయన సైకిలు మీద ఇంటికి పోయాడు, మిషనుతో వచ్చాడు. ఆమెకు అవేవీ కనపడలేదు.

కనపడింది జానెడు.

తెర అంచు కింద, వరండాలో, రెండు మోకాళ్లు. మోకాళ్ల మధ్య మిషను. పిడి మీద ఒక చెయ్యి.

“ఒకటి…”

ఆమె ఊపిరి వదిలింది.

“రెండు… మూడు…”

నొప్పి వచ్చింది, వెళ్లింది. అరవై. నొప్పి వచ్చింది. నూట పది. పక్క మంచం పిల్ల కూడా కళ్లు మూసుకుని ఆ లెక్కతోనే ఊపిరి తీస్తోంది. ఒక కాయిల్ అయింది. ఆమె నొప్పితో మూలుగుతున్నప్పుడు అయింది, మూడు వందలు మళ్లీ వినపడలేదు. ఇంకోటి మొదలైంది. ఒకటి… రెండు…

నూట యాభై దాటింది. నిద్ర లేదు. రెండు వందలు దాటింది.

“ఇక పద తల్లీ,” అంది నర్సమ్మ. “వేళయింది.”

లోపలి గదికి తలుపుంది. కిటికీ లేదు. అత్తయ్య ఒక రెక్క పట్టుకుంది, నర్సమ్మ ఒక రెక్క. పది అడుగులు. రెండు వందల ఎనభై… ఎనభై ఒకటి… మంచం ఖాళీ అవడం ఆయనకు ఆ జానెడులోంచి కనపడింది కాబోలు, గొంతు పెరిగింది. తలుపు దగ్గరికొచ్చేసరికి అరుస్తున్నాడు.

“రెండు వందల తొంభై తొమ్మిది!”

ఆమె ఆగింది. గడప పట్టుకుంది.

“మూడు వందలు!”

ఇలా ఉంటుందన్నమాట.

ఇక్కడ ఆగాలి. ఒక్క చుట్టు ఎక్కువైతే తీగంతా విప్పుకోవాలి. ఎన్నేళ్లుగానో, ఎన్ని ఫ్యాన్లకో, ఒక్కసారీ దాటనివాడు—

“మూడు వందల ఒకటి!”

అత్తయ్య చెయ్యి ఆమె చేతిని గట్టిగా పట్టుకుంది.

“మూడు వందల రెండు! మూడు వందల మూడు!”

నొప్పిలో నవ్వొచ్చింది ఆమెకు. ఏడుపూ వచ్చింది. తలుపు వెయ్యబోయిన నర్సమ్మ, తలుపు రెక్క మీద చెయ్యి వేసి, ఎందుకో అలాగే నిలబడింది.

ఎటునుంచో వరండాలోకి గాలి తిరిగింది.

చిగురు రంగు తెర, జానెడు పొట్టి తెర, గాలి పీల్చుకుంది.

ఆపుకుంది…