డెబ్భై గొర్రెలూ ఒక ఓటూ

ఓటు వయసు పదహారుకు తగ్గించాలా వద్దా అని గిద్దలూరులో స్రవంతి చదివే కాలేజీలో చర్చ పెట్టారు. తగ్గించాలని ఆమె గట్టిగా వాదించింది. ఆమెకు పదిహేడేళ్లు. చప్పట్ల మధ్య కూర్చోబోతుంటే అవతలి పక్షం వెస్లీ లేచాడు.

"మీ అన్నకు ఓటుంది గదా, పోయినసారి వేసినాడా?"

వేయలేదు. హాలంతా నవ్వింది.

పంచాయతీ ఎన్నికల రోజు పొద్దున్నే లేచి చూస్తే అన్న శివకృష్ణ గొర్రెలు తోలుకుని వెళ్లిపోయాడు. ఓటరు స్లిప్పు గూట్లోనే ఉంది. స్రవంతి దాన్నీ, ఆధార్ కార్డునూ తీసుకుని సైకిల్ మీద కొండవారకు పోయింది. అక్కడ అతను ఫోన్లో ఆట ఆడుకుంటున్నాడు. గొర్రెలను ఎవరు చూస్తారని అడిగాడు. తను చూస్తానంది. డెబ్భై ఉన్నాయి, ఒకటి తగ్గినా నాయన ఊరుకోడన్నాడు. అయినా తన ఒక్క ఓటుతో ఏమవుతుందన్నాడు.

"నాకుంటే నిన్నెందుకు బతిమాలుకుంటా? పో అన్నా."

తల గోక్కుంటూ సైకిలెక్కాడు.

అతను వెళ్లిన అరగంటకు చూడి గొర్రె ఒకటి పొద పక్కన పడుకుని మూలగడం మొదలుపెట్టింది. స్రవంతి గొర్రెలు ఈనడం దూరం నుంచి చూసిందే గానీ ఎప్పుడూ చేయి పెట్టలేదు. వెంటనే అన్నకు ఫోన్ చేసింది. శివకృష్ణ అప్పటికే పోలింగు జరిగే బడి గేటు బయట వరసలో ఉన్నాడు. వదిలేసి రమ్మంటావా అన్నాడు.

స్రవంతి గొర్రె పక్కన కూర్చుంది. "వద్దు. ఓటేసే రా. ఏం చేయాల్నో చెప్పు, చాలు."

అతను స్పీకర్ పెట్టి చెబుతుంటే వరసలోని ముసలమ్మలు ఊరుకోలేదు. ఫోన్ లాక్కుని తలా ఒక మాట అరిచారు. కాళ్లు కనబడ్డాక మెల్లగా లాగమని ఒకరు, ముందు మూతి తుడవమని ఇంకొకరు. పావుగంటకు గొర్రెపిల్ల చేతుల్లో పడి అరిచింది. ఆ అరుపు అక్కడ వరసంతా విన్నది.

మధ్యాహ్నం శివకృష్ణ తిరిగి వచ్చాడు. వెనక రెండు బైకుల మీద నలుగురు కుర్రాళ్లు, అందరూ కొత్తగా ఓటొచ్చినవాళ్లే. బడి పక్కన క్రికెట్ ఆడుతూ, ఆ గోలేందో చూద్దామని గేటు దగ్గరికి వచ్చారట. ముసలమ్మలు వాళ్లను అక్కడే పట్టుకుని, స్లిప్పులు తెప్పించి వరసలో నిలబెట్టారట. కుర్రాళ్లు సిరా వేళ్లతోనే గొర్రెపిల్లను నిమిరారు.

అన్నను పక్కకు పిలిచి ఎవరికి వేశావని అడిగింది స్రవంతి.

"చెప్పగూడదంట."

"నేను పంపితేనే గదా పోయినావు?"

"అవును. అయినా చెప్పను."

స్రవంతి అతని వైపు గుర్రుగా చూసి, పిల్లను అతని చేతుల్లో పెట్టి, అన్నం తినడానికి ఇంటికి బయల్దేరింది.