గుండ్రటి కోర్టు

మా అక్క సుమన్ టెన్నిస్ మానేసి, రాజురా పక్కనున్న మా ఊరికి తిరిగొచ్చింది తొంభై ఎనిమిది చలికాలంలో. చిన్నప్పుడు ఆమెను ఆవర్‌పూర్‌లో మేనమామ ఇంట్లో ఉంచి చదివించారు. మామది సిమెంటు ఫ్యాక్టరీలో నౌకరి. అక్కడి కాలనీ క్లబ్బులో రాకెట్ పట్టిన పిల్ల నాగపూర్ దాటి, పుణె దాటి, ఆటే బతుకుగా దేశమంతా తిరిగింది. కొన్ని గెలిచింది, చాలా ఓడింది. ఊళ్లోకి కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో నాయిన బాపురావు రోజూ పక్కింటి దేవన్న దగ్గరికి పోయి కూర్చునేవాడు, బిడ్డ కనిపిస్తుందేమోనని. ఎవరో విదేశాల ఆడపిల్లలు ఆడుతుంటే వాళ్లనే చూసి వచ్చేవాడు. వాళ్లూ మంచిగనే ఆడుతున్నరు పాపం, అనేవాడు.

మోకాలికి ఆపరేషన్ అయ్యాక అక్క ఆట అయిపోయింది. సిమెంటు నేల మీద ఉరకొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడట. ఇంటికొచ్చాక రాకెట్‌ను పెట్టెలోంచి తియ్యలేదు. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం; అవ్వతో కూర్చుని రొట్టెలు చేసేది, పత్తి ఏరబోయేది. మాట మాత్రం తగ్గింది.

అప్పుడే కరెంటు ప్లాంటు ఉద్యోగులుండే ఊర్జానగర్ కాలనీ క్లబ్బు వాళ్లు, పిల్లలకు ఆట నేర్పడానికి రమ్మని కబురు పెట్టారు. ఆదివారం లోపల జవాబు చెప్పాలి. అక్క రానని చెప్పాలనుకుంది. మా ఇంట్లో బి.ఏ. పాసైంది నేనొక్కదాన్నే కాబట్టి, నచ్చజెప్పే పని నా మీద పడింది. ఆడమంటలేరు, నేర్పమంటున్నరు కదా అన్నాను. ఉరకలేని మనిషిని చూసి పిల్లలు ఏం నేర్చుకుంటరంది. కాసేపటికి మోకాలు రుద్దుకుంటూ, మట్టి నేలన్నా ఉంటే చూస్తుంటి అంది.

ఆ మాట నాయిన చెవిన పడింది.

మర్నాటి నుంచి ఆయన చేనులోనే ఉన్నాడు. నేల చెక్కి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టాడు. అవ్వ సారక్క పెండతో అలికింది. జొన్న గింజ ఇంకా పాలు పట్టనే లేదు, అప్పుడే కల్లమేందని దేవన్న నవ్వులాట ఆడితే, ఇది మా బిడ్డ పంటకు అన్నాడట.

శనివారం పొద్దుగూకే ముందు మమ్మల్ని తీసుకుపోయి చూపించాడు. నేల అద్దంలా ఉంది. కానీ గుండ్రంగా ఉంది. సరిగ్గా నడుమ, పంట తొక్కించేటప్పుడు ఎడ్లను కట్టే కర్ర పాతి ఉంది.

అక్క చుట్టూ ఒకసారి తిరిగి కర్ర దగ్గర ఆగింది. "నాయినా, గా కర్రేంది?"

"మేటి. మేటి లేకుంటే కల్లమెట్లయితది?"

"ఎడ్లను కూడా తోల్కరమ్మంటవా బిడ్డా?" అన్నాడు దేవన్న గట్టు మీది నుంచి.

అక్క నవ్వింది. ఆ మేటినే పట్టుకుని, కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. నాయిన ముఖం చిన్నబోయింది. తప్పయితే పీకేస్తనన్నాడు. వద్దని, నన్ను పంపి ఇంటి నుంచి రాకెట్, బంతులు తెప్పించింది.

రాకెట్‌ను నాయిన చేతిలో పెట్టింది. ఆయన గడ్డపార పట్టినట్టు పట్టాడు. అక్క ఒక్కొక్క వేలునూ సర్దింది. "గంత గట్టిగ కాదు. పాలు పిండేటప్పుడు ఎట్ల పడ్తవో, గట్ల."

మేటికి ఆనుకుని నిలబడి బంతి విసిరింది. నాయిన గాలిని కొట్టాడు. భుజం తిప్పమంది, మోకాళ్లు వంచమంది, బంతిని చూడు నన్ను కాదంది. మళ్లీ విసిరింది. జొన్నలోకి పోయిన బంతుల్ని నేనూ దేవన్నా తెచ్చిచ్చాం. చివరికి ఒక బంతి రాకెట్ నడుమ తగిలి తిన్నగా పోయింది. నాయిన రాకెట్‌ను తిప్పి తిప్పి చూసుకున్నాడు. అప్పుడు అవ్వ కొంగు బిగించి ముందుకొచ్చింది. ఇంతసేపు పక్కన నిలబడి విన్నదేమో, మొదటి దెబ్బకే కొట్టింది.

"దానికి మంచిగ ఏసినవు, నాకు వంకర ఏసినవు," అన్నాడు నాయిన.

అక్క ఒక్క అడుగు కూడా ఉరకలేదు. ఆ సంగతి నేను గమనించాను, తనూ గమనించింది.

ఇంటికి పోతుంటే నా చెయ్యి పట్టుకుంది. "పొద్దుగాల రాజురా పోయి ఎస్టీడీ నుంచి ఫోన్ చేద్దాం. వస్తనని చెప్పాలె. కోర్టు పక్కన ఒక కుర్చీ ఎయ్యమని అడగాలె."

కుర్చీ మనమే తీసుకపోదామన్నాడు నాయిన, వెనక నుంచి.