ఒప్పుకోలేదట

ధరూర్ ఊరి ఖతీజాబీకి డాక్టర్ సుదర్శన్ మాటే మాట. గద్వాలలోని ఆయన దవాఖానకు ఆ ఇంటివాళ్లు ఇరవై ఏళ్లుగా పోతున్నారు. రంజాన్‌కు షీర్‌ఖుర్మా గిన్నె ముందు ఆయన ఇంటికి పోయాకే చుట్టాలకు. అంతటి మనిషి, మలంలో రక్తం పడుతోందని ఆమె పద్నాలుగు నెలలు మొత్తుకుంటే, "మొలలే ఖతీజమ్మా, ఏంగాదు" అని పూతమందు రాసి పంపాడు. చెయ్యి పెట్టి చూసింది లేదు, ఒక్క పరీక్ష రాసింది లేదు. చివరికి హైదరాబాద్‌లో పెద్దపేగు క్యాన్సరని తేలింది. ఏడాది ముందొస్తే చిన్న ఆపరేషన్‌తో పోయేదని అక్కడి డాక్టర్ అన్నప్పుడు కూతురు షాజియా ఉడికిపోయింది.

ఖతీజాబీ మాత్రం సుదర్శన్‌నే వెనకేసుకొచ్చింది. పొరపాటు వేరు, మోసం వేరు అని కూతురి నోరు మూయించింది.

ఆపరేషనై ఇంటికొచ్చిన వారానికి ఆయనే కారేసుకుని వచ్చాడు. షాజియా ఇంట్లో లేదు.

"నేను రాసిచ్చిన పాత మందుల చీటీలన్నీ ఇయ్యమ్మా. హైదరాబాద్ డాక్టర్‌తోని మాట్లాడుత."

గడప తొక్కిన డాక్టర్‌కు కాగితాలు ఇవ్వననడం ఆమెకు చేతకాదు. చాయ్ పోసి, సంచి సంచే చేతిలో పెట్టింది. మూడోనాడు మనిషితో తిరిగి పంపాడు. ఒక్క చీటీ తగ్గలేదు. చూశావా అని కూతుర్ని దెప్పింది కూడా.

నెల తర్వాత కూతురి పోరు పడలేక ఖతీజాబీ గద్వాలలో లాయర్ పూజ దగ్గరికి వచ్చింది. వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయొచ్చని చెబుతూ చీటీలు తిరగేస్తున్న పూజ ఒకచోట ఆగింది.

"అమ్మా, పేగు లోపల చూసే పరీక్ష జేయించుకొమ్మంటే మీరు వద్దన్నరా?"

"ఏం పరీక్ష?"

"ఇందుల రాసి ఉంది. చెప్పినం, పేషెంటు ఒప్పుకోలేదని. వేరేవేరే తారీఖుల నాలుగు చీటీల మీద, అన్నిట్ల ఈ ముక్క ఒకటే సిరా. మిగిలిన రాత సిరా వేరే."

ఖతీజాబీ చీటీ అందుకుంది. ఇంగ్లీషు రాదు, అయినా చాలాసేపు చూసింది. ఒప్పుకోలేదట! ఆయన ఏం మింగమంటే అది మింగింది, ఎప్పుడు రమ్మంటే అప్పుడు వచ్చింది. పొరపాటైతే క్షమించి ఉండేది. తన ఇంట్లో చాయ్ తాగి, తన చేతులతోనే కాగితాలు ఇప్పించుకుని, తను అనని మాట తన నోట్లో పెట్టాడు. ఆపరేషన్ గాయం కన్నా ఇదే ఎక్కువ మండింది.

"సిరాను పరీక్షకు పంపమని కమిషన్‌ను అడుగుదం" అంది పూజ. "గెలుస్తమని మాత్రం మాటియ్యను. ఏండ్లు పట్టొచ్చు."

"గెలుపు సంగతి నాకు తెల్వదు మేడం. ఆ ముక్క ఆయన నా మొఖం చూస్కుంట చదవాలె. జర జల్ది వెయ్యండి కేసు. నేనుండంగనే చదవాలె."