ఎలుకల కోసం వదిలిన నీళ్ళు

బ్యాంకాక్‌లో మా ప్రయోగశాల ఏటా ఎలుకలకు పుణ్యకార్యం చేస్తుంది. బతికుండగా చెయ్యని మర్యాదలన్నీ అప్పుడు చేస్తాం. భిక్షువులకు భోజనం పెట్టి, వాళ్ళు మంత్రాలు చదువుతుంటే చెంబుతో నీళ్ళు ధారగా వదులుతాం. ఈసారి నీళ్ళు వదలాల్సిన మా తోటి పరిశోధకురాలు నిచదా ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

ఒంట్లోని రక్షణ కణం తన జన్యువును తానే కత్తిరించి, అతికించి, క్రిమిని పట్టే కొక్కెం తయారుచేసుకుంటుంది. కొక్కెం కుదరగానే కత్తెర ఆగాలి. దాన్ని ఆపేదేమిటో తేల్చడమే మాలో చిన్నది రవివన్ పని. జన్యువుల్లో ఆ కత్తెరను నడిపే మీట మార్చి ఆమె ఎలుకలను పుట్టించింది. వాటిలో కత్తెర అసలు కదల్లేదు. అంటే కొక్కెం తయారుకాదు, చిన్న క్రిమి సోకినా చస్తాయి.

అందుకే మామూలు ఎలుకల గదికి వెళ్ళినవాళ్ళు ఆ రోజు వీటి గదిలో కాలు పెట్టకూడదు. నిచదా పెట్టింది. తన పంజరం ఒక్కటి చూసి వచ్చేస్తే ఏమవుతుందిలే అనుకుందట. వారం తిరక్కుండా ఆ గదిలో ఎలుకలన్నీ చచ్చాయి.

"మీట మార్చడంలో నేనే ఏదో పాడుచేశానక్కా" అని రవివన్ ఏడుస్తుంటే, నిచదా టీ తెచ్చిచ్చింది గానీ నోరు విప్పలేదు. పైఅంతస్తులో అదే మీట ఉన్న ఇంకో ఎలుకల జంట ఉందిగా, మళ్ళీ పిల్లలు పెడతాయిలే అని మనసుకు సర్దిచెప్పుకుంది. పిరికితనానికి సాకులు కరువా!

మంత్రాలు మొదలయ్యాయి. పుణ్యంలో పాలుపంచుకోవాలంటే నీళ్ళు వదిలేవాళ్ళను తాకాలి. రవివన్ వెనక నుంచి నిచదా భుజం మీద చెయ్యి వేసి, "మీ చావు నా వల్లే, క్షమించండి" అని ఎలుకలకు చెప్పుకుంటోంది. ధార మధ్యలో ఆపకూడదు. నిచదా ఆపేసింది.

"నీ తప్పేం లేదే. ఆ రోజు మామూలు గదిలోంచి తిన్నగా నీ గదిలోకొచ్చాను. రోగం తెచ్చింది నేను."

"అంటే... మీట బాగానే ఉందా?"

"బాగానే ఉంది. పైనున్న జంటతో మళ్ళీ మొదలుపెట్టు. నీతోపాటు నేనూ చేస్తాను. తర్వాత ఎన్ని తిట్టినా పడతాను."

రవివన్ చెయ్యి భుజం మీంచి జారిపోయింది.

"పాడు మీట ఇంకే పిల్లకీ రాకూడదని, నిన్న వాటినీ నా చేత్తోనే చంపేశానక్కా. మొన్న చెప్పినా బతికేవి."