గాలికి మూసుకున్న తలుపు

"నీకీమధ్య మూసిన తలుపు కనిపిస్తే చాలు, అనుమానమే" అన్నాడు భర్త, ఆమె ఇస్త్రీ చేస్తున్న తన చొక్కాను చూస్తూ. "ఆ కాలరు దగ్గర ఇంకోసారి లాగు, ముడత పోలేదు."

ఆమె లాగింది. పెళ్ళైన కొత్తలో ఆ ముడతలేవో అతనే తీసుకునేవాడు. ఆ పని తనదెప్పుడైందో ఆమెకు గుర్తులేదు. కొన్ని పనులకు కాళ్ళుంటాయి కాబోలు, ఎవరూ చెప్పకుండానే నడిచొచ్చి ఆడవాళ్ళ ఒళ్ళో కూర్చుంటాయి. కాలేజీలోనూ అంతే. ఫిజిక్సు చెప్పడానికి చేరిన మనిషికి ముందు అతిథులకు పూలగుత్తులందించే పని వచ్చింది, తర్వాత కళ్ళు తిరిగిన పిల్లలకు మంచినీళ్ళు పట్టే పని, ఆఖరికి విద్యార్థుల రక్షణ బాధ్యత. "ఇలాంటివి ఆడవాళ్ళకైతే సహజంగా వస్తాయి మేడమ్" అన్నాడు ప్రిన్సిపాల్. జీతం పెరగలేదు, క్లాసులు తగ్గలేదు. మెట్ల పక్కనున్న బోర్డు మీదికి ఆమె ఫోన్ నంబరు మాత్రం ఎక్కింది. ఒకరోజు శిక్షణకు పంపారు. అక్కడ పిల్లల రక్షణ అధికారిణి చెప్పిన మాట ఆమె మనసులో నాటుకుపోయింది: "రుజువు వెతకడం మీ పని కాదు. తేడాగా అనిపించింది మాకు చెప్పడం మీ పని."

తేడాగా అనిపించడం గలగలతో మొదలైంది. అది ఆ పిల్ల అసలు పేరు కాదు. పక్కవాళ్ళతో, కిటికీతో, ఆఖరికి తెగని లెక్కతో కూడా మాట్లాడుతుందని తోటి పిల్లలు పెట్టిన పేరు. ఇంకా పదిహేడైనా నిండని ఆ పిల్ల నోరు ఉన్నట్టుండి మూతపడింది. పిలిస్తే ఉలిక్కిపడుతోంది. ఫోను మోగితే చూడకుండానే సంచి అడుగుకు తోసేస్తోంది. వెనకబడిందని లెక్కల మాస్టారు ఆ పిల్లకు విడిగా పాఠం చెబుతున్నాడు, పై అంతస్తు చివర పాత సామాన్ల గదిలో.

మొన్న మధ్యాహ్నం స్టూలు కావాల్సి ఆమె ఆ గదికి వెళ్ళింది. లోపల బోల్టు వేసుంది. తలుపు తట్టింది. కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది, తలుపు మాత్రం వెంటనే తెరుచుకోలేదు. మాస్టారు నవ్వుతూ తీశాడు. "గాలికి కొట్టుకుంటోందని వేశానండి." బయట ఆకు కదలడం లేదు. బల్ల మీద పుస్తకం మూసే ఉంది. గలగల ఆమె వంక చూడలేదు, తెరుచుకున్న తలుపు వంకే చూసింది.

"రుజువుందా మేడమ్?" అని అడిగాడు ప్రిన్సిపాల్, ఆమె వెళ్ళి ఆ సంగతి చెప్పగానే. "ఆయన వల్లే మనకీ ర్యాంకులు. పెద్దమనిషి మీద బురద పడితే కడగడం కష్టం."

నిన్న సాయంత్రం ఉండబట్టలేక భర్తకు చెప్పింది, ఆ పిల్ల ఎవరో కూడా. అతను పడీపడీ నవ్వాడు. "రోజూ పొద్దున్నే కలిసి షటిల్ ఆడతాం, ఆయన సంగతి నాకు తెలీదా? ఆడపిల్లలంటే ప్రాణం పెడతాడు." ఒకప్పుడు భర్త ఆలస్యంగా రావడం గురించి అడిగినందుకు అత్తగారు అన్న మాట గుర్తొచ్చింది. "అనుమానించే ఆడదానికి అన్నం కూడా సహించదమ్మా." నిజంగానే తనకేదైనా జబ్బేమో అనుకుంది. అనుమానపడటం కన్నా అనుమానపడుతున్నందుకు సిగ్గుపడటమే ఆమెను ఎక్కువ అలసిపోయేలా చేసింది.

ఈరోజు భోజనాల వేళ స్టాఫ్ రూములో అందరి మధ్యా కూర్చుని లెక్కల మాస్టారు గొంతు పెంచాడు. "మేడమ్ దగ్గర కాస్త జాగ్రత్తయ్యా! మూసిన తలుపు కనిపిస్తే చాలు, అనుమానమేనట!"

గది గొల్లుమంది. అలవాటుగా ఆమె పెదవులు కూడా నవ్వడానికి సిద్ధపడి మధ్యలో ఆగిపోయాయి. ఆ మాట ప్రిన్సిపాల్‌ది కాదు, తనదీ కాదు. పొద్దున ఇస్త్రీ బల్ల దగ్గర విన్నది. అంతకుముందే షటిల్ కోర్టులో ఒక రౌండు తిరిగి వచ్చిందన్నమాట. భర్త ఇంకేం చెప్పాడు? పిల్ల ఎవరో కూడా చెప్పాడా? చెబితే, ఈయన ఇప్పుడా పిల్లను ఏం చేస్తాడు? ఎదురుగా మాస్టారు తీరిగ్గా పండు ఒలుచుకుంటున్నాడు. ఆమె డబ్బా మూత కూడా పెట్టకుండా లేచింది.

గలగల మెట్ల మొదట్లో కనిపించింది.

"ఎక్కడికమ్మా?"

"పైకి మేడమ్. మాస్టారు రమ్మన్నారు."

"వద్దు. నాతో ల్యాబుకు రా."

ల్యాబు తలుపులు రెండూ బార్లా తెరిచి, ఇద్దరూ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. పిల్ల బల్ల మీద లేని మరకను గోటితో గీకుతూ ఉండిపోయింది. ఆమె తొందర పెట్టలేదు.

"మీకేమైనా చెప్పానా అని పొద్దున అడిగారు మేడమ్. చెబితే లెక్కల్లో ఎలా గట్టెక్కుతావో చూస్తానన్నారు."

"నువ్వు చెబితే వింటాను. చెప్పకపోయినా నిన్ను ఆ గదికి పంపను."

"ఎవరికీ చెప్పనని ఒట్టేయండి."

ఆ ఒట్టు నోటి చివరిదాకా వచ్చింది. ఏడుస్తున్న పిల్లకు ఏదో ఒకటి ఇచ్చి ఊరుకోబెట్టడం ఎంత సులువు!

"ఒట్టేయనమ్మా. దీన్ని ఆపగలిగేవాళ్ళకు చెబుతాను, వాళ్ళకు మాత్రమే. ఎవరికి చెబుతానో ముందు నీకు చెబుతాను. ఇందులో నీ తప్పు ఆవగింజంత కూడా లేదు."

పిల్ల విసురుగా లేచి గుమ్మందాకా వెళ్ళింది. అక్కడే నిలబడిపోయింది. అంతా పోయిందనుకుంది ఆమె. కానీ ఆ పిల్ల వెనక్కి తిరిగి, "మా అమ్మను పిలుస్తారా?" అంది.

తర్వాత చెప్పింది. ఇంట్లో అందరూ పడుకున్నాక వచ్చే మెసేజీలు, లెక్క దిద్దుతూ భుజం మీద పడి అక్కడే ఉండిపోయే చెయ్యి, ఆపైన బోల్టు. మధ్యలో ఆగింది, ఏడ్చింది, మళ్ళీ చెప్పింది. ఆమె ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. పిల్ల ఎదుటే తల్లికి, తర్వాత అధికారిణికి ఫోన్ చేసింది.

అధికారిణి వచ్చింది. పరుగున వచ్చిన తల్లి కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది.

"నాతో ఒక్క మాట అనుంటే సరిపోయేది కదా మేడమ్" అన్నాడు ప్రిన్సిపాల్, చెమట తుడుచుకుంటూ.

"అన్నాను సార్. మీరు రుజువు అడిగారు."

సాయంత్రానికల్లా, విచారణ ముగిసేదాకా లెక్కల మాస్టారు కాలేజీ గడప తొక్కకూడదన్నారు.

ఇంటికొచ్చేసరికి భర్త గుమ్మంలోనే ఉన్నాడు. కబురు ఆమె కన్నా ముందే చేరింది. "ఎన్నిసార్లు ఫోన్ చేశాను? నాకు మాట మాత్రం చెప్పకుండా ఇంత పని చేస్తావా? నేను మొగుణ్ణా, పరాయివాణ్ణా?"

ఆమె చెప్పులు విప్పి పక్కన పెట్టింది.

"నిన్న మీకు చెప్పాను. ఈ పొద్దున ఆయన ఆ పిల్లను బెదిరించాడు."

"నేనేదో సరదాకి..." అతని గొంతు తగ్గింది. "ఆటలో మాటొచ్చి అన్నాను. నాకేం తెలుసు?"

"ఆయనకు ముందే ఎలా తెలిసిందని రేపు విచారణలో అడుగుతారు" అంది ఆమె. "మీ పేరు చెబుతాను."