సొగొనా చేలో అరువు నీడ

గిన్నెడు సజ్జ గంజి తాగి మూతి తుడుచుకుంటున్నావు. ఆ పిండి దంచిన చేతులెవరివని ఒక్కనాడైనా అడిగావా? అడగవు. తిన్నది అరిగేలోపు ఇది విను.

పూర్వం జోలిబా ఏటి ఒడ్డున తెనిన్ అనే ఇల్లాలు కోడి కూతతో లేచేది. సజ్జలు దంచి, నీళ్లు మోసి, చంటిపిల్లను వీపున కట్టుకుని చేలో కలుపు తీసేది. వంటకు ఇంటికొస్తే పిట్టలను తోలేదెవరు? ఆ ఊరి ఆడవాళ్లందరిలాగే తన నీడను గట్టుమీద నిలబెట్టి వచ్చేది. అది చేతులు ఊపుతూ పిచ్చుకల దండును తోలేది. పొద్దు వాలకముందే వెళ్లి తెచ్చుకోవాలి. నీడలేని ఒంట్లో సత్తువ నిలవదు.

పెద్ద సవతి సొగొనా చేను పెద్దది. గింజ పాలు పోసుకునే రోజుల్లో తెనిన్ నీడను ఒక్క పూటకని అడిగి తీసుకుంది. అరువు తీసుకున్నవాళ్లే దాన్ని చేయి పట్టి అప్పగించాలి. సొగొనా అప్పగించలేదు. తొమ్మిదో రోజుకు తెనిన్‌ నిలబడలేకపోయింది.

"అక్కా, నా నీడ ఇప్పించు. పిల్లకు పాలు చాలట్లేదు."

"మేమెవరమూ పిల్లల్ని కనలేదు మరి! కాన్పైన మూడోనాడే పార పట్టినదాన్ని నేను. కోత కానీ, ఇస్తాలే."

మొగుడు విన్నాడు. ఆడవాళ్ల గొడవలే అని అటు తిరిగి కూర్చున్నాడు.

సొగొనా చేలో గింజ గట్టిపడింది. తెనిన్ పిల్ల చచ్చిపోయింది.

కోతనాడు సొగొనా కత్తి పట్టుకుని చేలో దిగబోయింది. నీడ చేతులెత్తి అదిలించింది. అన్నాళ్లు అక్కడే నిలబడి దానికి మనిషీ పిట్టా తేడా లేకుండా పోయింది, తోలడమే తెలుసు. ఎటునుంచి వచ్చినా ఆమె కాళ్లు గట్టు దాటలేదు. ఆమె పిల్లలవీ దాటలేదు.

"చెల్లీ, అయిందేదో అయింది. నీ నీడను అప్పగిస్తా, వచ్చి తీసుకుపో. కంకులు రాలిపోతున్నాయి," అంది, వాకిట్లో నిలబడి.

తెనిన్ కూర్చున్నచోటే సజ్జలు ఏరుతోంది, తల ఎత్తలేదు. "పని నేర్చింది కదక్కా, చేసుకోనీ. నాకిక దాంతో పనిలేదు."

కంకులు ఎండి, విరిగి, చెద పట్టిపోయాయి. ఆ సజ్జ విత్తనం సొగొనాకు తల్లి ఇచ్చింది, ఆ తల్లికి ఆమె తల్లి ఇచ్చింది. ఆ ఒడ్డున మరొకరి దగ్గర లేదు. ఉన్న విత్తనమంతా ఆ చేలోనే చల్లేసింది.

వానలకు ముందు సొగొనా కూతురు న్యేలేకు పెళ్లయింది. అత్తవారింటికి పోయే పిల్ల చేతిలో తల్లి విత్తనాల సొరబుర్ర పెట్టాలి. సొగొనా పెట్టింది. న్యేలే దాన్ని ఊపి చూసింది. చప్పుడు లేదు. పదిమందిలో దాన్ని తల్లి కాళ్లదగ్గర దించి వెళ్లిపోయింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు.